మంత్రిగా వెళ్లి, మళ్లీ గవర్నరుగా

అమెరికా రాష్ట్ర గవర్నరు మన ముఖ్యమంత్రి లాంటివారు, అధికారమంతా ఆయనదే. ఆ కుర్చీలో నుంచి కేబినెట్‌కు వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఐడహో డెమొక్రాట్ సెసిల్ ఆండ్రస్ దారి వేరు. అడవుల్లో చెట్లు కొట్టే పని చేసిన ఆయన, 1970 ఎన్నికల్లో వైట్ క్లౌడ్స్ పర్వతాల్లో గని తవ్వకం వద్దన్నారు. గనుల మీద బతికే రాష్ట్రంలో ఆ మాట అనడానికి గుండెధైర్యం కావాలి. అయినా గెలిచారు.

1977లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆయనకు ప్రభుత్వ భూములు, జాతీయ పార్కుల శాఖ అప్పగించారు. అలాస్కా భూముల పరిరక్షణ బిల్లు 1978లో సెనేట్‌లో ఆగిపోయింది. ఆండ్రస్ ఊరుకోలేదు. 1906 నాటి పాత చట్టాన్ని బయటికి తీయించారు. దాని కింద కార్టర్ ఏకంగా 5.6 కోట్ల ఎకరాలను జాతీయ స్మారక ప్రాంతాలుగా ప్రకటించారు. అలాస్కా జనం కార్టర్ దిష్టిబొమ్మను తగలబెట్టారు. చివరికి 10 కోట్లకు పైగా ఎకరాలను కాపాడే చట్టంపై సంతకం పడింది 1980 డిసెంబరు 2న. అప్పటికి కార్టర్ ఎన్నికల్లో ఓడిపోయి నెల కావస్తోంది!

1987లో ఆండ్రస్ తిరిగి గవర్నరయ్యారు. మరుసటి ఏడాదే అణు వ్యర్థాలతో వచ్చిన రైలు పెట్టెను పోలీసును నిలబెట్టి ఆపించారు, వెనక్కి పంపించారు. ఒకప్పుడు తాను మంత్రిగా ఉన్న కేంద్ర ప్రభుత్వంతోనే ఈ పేచీ. దాన్ని మొండితనమన్నవాళ్లూ లేకపోలేదు. మా లెక్కలో అది బాధ్యత. ఆ తగాదాకు ఒప్పందం మాత్రం 1995లో, ఆయన తర్వాత వచ్చిన రిపబ్లికన్ గవర్నరు ఫిల్ బాట్ హయాంలో కుదిరింది.