మన పేరు మోసిన పటాలం

మైండ్‌స్పేస్ ఎదుట చాయ్ బండి దగ్గర నిలబడ్డ కుర్రాళ్లను బాస్టోన్ ఎక్కడుందని అడగండి. చాలామంది ఠక్కున చెబుతారు. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ చూసి ఉంటారు, వీడియో గేముల్లో ఆర్డెన్ అడవి మంచులో తుపాకీ పట్టుకుని తిరిగి ఉంటారు. 1944 డిసెంబరు 16న హిట్లర్ సైన్యం బెల్జియం మీద విరుచుకుపడిందనీ, ఆ పోరులో దాదాపు 19 వేలమంది అమెరికన్లు చనిపోయారనీ, మాల్మెడీ దగ్గర చేతులెత్తేసిన ఖైదీలను నిలబెట్టి కాల్చారనీ గడగడా చెప్పేవాళ్లు మన ఆఫీసు క్విజ్‌లలో కొల్లలు. తెలుసుకోవాల్సిందే. గడ్డకట్టిన గోతుల్లో చచ్చిపోయిన ఆ పిల్లల మీద నాకు గౌరవం తప్ప మరొకటి లేదు.

నా కోపం వేరే. సరిగ్గా అదే చలికాలంలో, తన పేరులోనే హైదరాబాద్‌ను మోస్తున్న ఒక పటాలం బర్మా తీరంలో నెత్తురు కార్చింది. ఆ సంగతి ఈ ఐటీ కారిడార్‌లో అడగండి, ఒక్కరి నోటా ఒక్క ముక్క రాదు. ఇది ఆ కుర్రాళ్ల నేరం కాదు. వాళ్లకు చెప్పాల్సిన మనం చెప్పలేదు. బడి చెప్పలేదు, ప్రభుత్వం చెప్పలేదు, నాలాంటి రాతగాళ్లూ చెప్పలేదు.

బర్మా తీరంలోని ఆరకాన్‌లో మంచు పడదు. అక్కడ వానలు మొదలైతే నెలల తరబడి దారులన్నీ కొట్టుకుపోతాయి, సైన్యం కదల్లేదు. వాన వెలిశాకే యుద్ధం. 1945 జనవరి నాటికి జపాను 54వ డివిజన్ తీరం వెంబడి వెనక్కి తగ్గుతోంది. దాని ఫిరంగులు, లారీలు పోవడానికి పనికొచ్చే దారి ఒక్కటే, అది కాంగా అనే పల్లె పక్కగా పోతుంది. ఆ దారిని తెగ్గొడితే ఇరావతి లోయ చేరాల్సిన శత్రువు అక్కడే చిక్కిపోతాడు. కానీ సముద్రం వైపు నుంచి కాంగాకు చేరాలంటే మడ అడవులు దాటాలి. పోటుకు నిండి ఆటుకు బురద తేలే పాయలు, నడుం లోతు ఊబి. జనవరి 22న బ్రిటిష్ కమాండోలు దైంగ్‌బోన్ పాయ గుండా పడవల్లో వచ్చి, మ్యాపులో 170 అని గుర్తు పెట్టిన గుట్టను పట్టుకున్నారు. వాళ్ల వెనకే 25వ ఇండియన్ డివిజన్‌కు చెందిన 51వ బ్రిగేడ్ దిగింది.

ఆ బ్రిగేడ్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. అందులోని మూడు బెటాలియన్లూ భారతీయులవే, వాటిని నడిపిన ముగ్గురు కమాండర్లూ భారతీయులే. 2/2 పంజాబ్‌కు థోరట్, 16/10 బలూచ్‌కు ఎల్.పి. సేన్, 8/19 హైదరాబాద్‌కు, అంటే 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఎనిమిదో బెటాలియన్‌కు, కొడగు బిడ్డ తిమ్మయ్య. భారతీయుడు యుద్ధంలో బెటాలియన్‌ను నడపగలడా అని తెల్లదొరలు ఏళ్ల తరబడి నసుగుతూ వచ్చారు. వాళ్ల నోళ్లు కాంగాలో మూతబడ్డాయి. మెల్‌రోజ్ అని గుర్తు పెట్టుకున్న కొండ మీదికి ఈ బ్రిగేడ్ ఎక్కింది. పైన జపాను వాళ్లు కందకాల్లో ఉన్నారు, కింద బురద. తుపాకీ మొనల దాకా, చేతికి చెయ్యి తగిలే దాకా పోరాడి జనవరి 29కల్లా ఆ కొండను గెలిచారు. 31న జపాను వాళ్లు 170 గుట్ట మీద ప్రాణాలకు తెగించి ఎదురుదాడి చేశారు. ఆ రోజే నోలాండ్ అనే కుర్ర లెఫ్టినెంట్ చనిపోయి విక్టోరియా క్రాస్ పొందాడు. మొత్తం ఆరకాన్ దండయాత్రను తేల్చేసింది కాంగా పోరేనని 15వ కోర్ అధిపతి క్రిస్టిసన్ లెక్కగట్టారు. ఆ ముగ్గురు భారతీయ కమాండర్లకూ డీఎస్‌ఓ పతకాలు దక్కాయి.

తర్వాత వాళ్లేమయ్యారో చూడండి. తిమ్మయ్య 1957 నుంచి 1961 దాకా మన సైన్యాధిపతి. సేన్ 1947లో కాశ్మీర్‌ను కాపాడిన 161వ బ్రిగేడ్ అధిపతి. ఆ బ్రిగేడ్ కిందే, 1947 నవంబరు 3న బద్‌గామ్ దగ్గర, చేతికి కట్టుతోనే కంపెనీని నడిపించి ప్రాణమిచ్చారు మేజర్ సోమనాథ్ శర్మ, దేశంలో మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత. ఆయన 1942 ఫిబ్రవరిలో ఆఫీసరుగా చేరింది ఏ బెటాలియన్‌లోనో తెలుసా? 8/19 హైదరాబాద్‌లో. ఆరకాన్‌లో తిమ్మయ్య కిందే యుద్ధం నేర్చుకున్నారు. తొలి పరమవీరుడి తొలి పటాలం మీద మన ఊరి పేరుంది. ఈ ఊళ్లో ఎంతమంది పిల్లలకు ఆ మాట చెప్పాం?

ఆ పేరు గాలికి రాలేదు. నిజాం రాజ్యంలో ఇంగ్లీషు రెసిడెంటు రసెల్ కూడగట్టిన దళాలు దాని మూలం. వాటికి దశాబ్దాల పాటు జీతాలు నిజాం ఖజానా నుంచి, అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు నుంచి పోయాయి. ఆ ఖర్చు కిందే 1853లో బీరారును ఇంగ్లీషు వాళ్లకు అప్పజెప్పాల్సి వచ్చింది. 1922లో అది 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. కాంగా గెలిచిన ఏడాదే, 1945 అక్టోబరు 27న, కుమావూ రెజిమెంట్‌గా మారింది. కుమావూ వాళ్లకు ఆ గౌరవం న్యాయమే. కానీ పేరు పోయిన మర్నాటి నుంచే ఆ పటాలం ఊసే మనకు అక్కర్లేకపోవడాన్ని నేను క్షమించలేను.

"వాళ్లు మనవాళ్లు కాదు కదండీ, కుమావూ కొండలవాళ్లు, అహీర్లు, జాట్లు కదా" అంటారు. ఈ కారిడార్‌లో నిలబడి ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఇక్కడ లేచిన ప్రతి అంతస్తుకూ ఇటుకలు మోసింది పాలమూరు కూలీలు, శ్రీకాకుళం వలస జనం, ఒడిశా, బీహార్ మేస్త్రీలు. లోపల కూర్చుని కోడు రాసేవాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు. ఎక్కడివాళ్లో వచ్చి కట్టిన ఊరిని మనదంటున్నాం. ఎక్కడివాళ్లో మన పేరు మోసుకుంటూ చచ్చిపోతే వాళ్లు పరాయివాళ్లా?

"అది బ్రిటిష్ వాడి యుద్ధం" అని ఇంకొకరంటారు. నిజమే. 1943లో బెంగాల్‌ను ఆకలికి చంపిన రాజ్యం అది. అదే హైదరాబాద్ నుంచి అబిద్ హసన్ సఫ్రానీ నేతాజీ వెంట జలాంతర్గామిలో సముద్రాలు దాటి, ఆజాద్ హింద్ ఫౌజు తరఫున ఇంఫాల్ మీదికి నడిచారు. ఆయన్నీ తలుచుకుందాం. రెండు వైపులా మన వాళ్ల నెత్తురే ఉంది, రెండూ చెప్పాలి. ఒకటి ఇబ్బందిగా ఉందని రెండూ పాతిపెట్టడం పిరికితనం.

అసలు బర్మా మనకు దూరమా? కోస్తా ఊళ్లలో రంగూన్‌కు పోయిన మనిషి లేని పేట ఉండేది కాదు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది కొరంగీలని పిలిచిన మన తెలుగు కూలీలే. 1942లో జపాను వాడొస్తుంటే పిల్లల్ని చంకనేసుకుని ఆరకాన్ కొండల మీదుగా కాలినడకన పారిపోయిన భారతీయుల్లో తెలుగు కూలీలున్నారు. విశాఖలో బర్మా క్యాంప్ అనే పేట ఇప్పటికీ ఉంది. ఆర్డెన్ కంటే ఆరకాన్ మన గుండెకు ఎంత దగ్గర!

ఇక మన ఏలికల సంగతి. 2025 డిసెంబరులో, నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ పక్కనున్న రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ అవెన్యూ అని పేరు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. గూగుల్ స్ట్రీట్, మైక్రోసాఫ్ట్ రోడ్, విప్రో జంక్షన్ అనే పేర్లూ ఆ వరసలోనే వచ్చాయి. ఉద్యోగాలిచ్చే కంపెనీని గౌరవించొచ్చు, దాని గేటు మీద దాని పేరు చాలు. ప్రజల రోడ్డు ప్రజల జ్ఞాపకానికి చెందుతుంది. పదవిలో ఉన్న పరాయి దేశాధ్యక్షుడికి మన నేల మీద రోడ్డు రాసివ్వాలని తోచిన బుర్రలకు తిమ్మయ్య తోచకపోవడం, సోమనాథ్ శర్మ తోచకపోవడం ఈ నగరానికి తలవంపు.

కాబట్టి ప్రభుత్వాన్నీ, ఈ కారిడార్‌ను చూసుకునే టీజీఐఐసీనీ అడుగుతున్నాను. బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి రాయదుర్గం మెట్రో దాకా ఉన్న దారికి కాంగా పేరు పెట్టండి. స్టేషన్ ముందు ఒక రాతి పలక నిలపండి. దాని మీద 8/19 హైదరాబాద్ అని తెలుగులో, ఉర్దూలో, హిందీలో చెక్కించండి. 1945 జనవరి అని తేదీ వేయండి. తిమ్మయ్య పేరు, సోమనాథ్ శర్మ పేరు రాయండి. యాంగోన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో, జాడ తెలియక పోయిన దాదాపు 27 వేల పేర్లు చెక్కిన స్మారకం ఉంది. అందులో హైదరాబాద్ రెజిమెంట్ జవాన్ల పేర్లు రాయించి తెప్పించండి, ఒక్కటీ వదలకుండా ఆ పలక కిందనే చెక్కించండి. ట్రంప్ అవెన్యూ ఫైలు మీద సంతకం పడకముందే ఈ ఫైలు కదలాలి.