సాంచెకు తెలిసిన దెబ్బ

సిరిసిల్ల బీవై నగర్ గల్లీల్లో సాంచెల (మరమగ్గాల) టకటక వెనుక ఒక లెక్క ఉంది. సాంచెకు రెండు పక్కలా ఉండే కట్టెలు నాడెను నిమిషానికి వందకు పైగా సార్లు తంతాయి. దెబ్బ తక్కువైతే నాడె అవతలి పెట్టెకు చేరదు, పడుగులో ఇరుక్కుంటుంది, సాంచె ధడేలున ఆగుతుంది. ఎక్కువైతే పెట్టె గోడకు తగిలి వెనక్కి ఎగురుతుంది, పేక వదులవుతుంది, పికర్లు త్వరగా అరుగుతాయి. పానా పట్టుకొని సాంచె సరిచేయడానికి వచ్చిన జాబర్‌ను ‘ఇంకా గట్టిగా కొట్టేలా చెయ్యి’ అని ఏ ఆసామీ అడగడు. ప్రతి దెబ్బా ఒక్క తీరుగా పడితే చాలంటాడు.

జగిత్యాల, కోరుట్ల వైపు ఎయిర్‌గన్ మాట ఎత్తితే మాత్రం మొదట వచ్చే ప్రశ్న వేరు: ‘ఎంత దూరం కొడుతది?’ ఆ ప్రశ్నకు కారణం కోతులు. కొండగట్టు అంజన్నకు దండం పెట్టి ఇంటికొచ్చిన రైతే, మక్క చేను మీద పడిన మందను చూసి తుపాకీ వెతుక్కుంటాడు. ఒకప్పుడు వడిసెల, గులేరు చేసిన పని ఇప్పుడు ఎయిర్‌గన్‌కు వచ్చింది. అతని కష్టం నిజమే. కానీ ఎయిర్ రైఫిల్‌ను అడగాల్సిన ప్రశ్న అది కాదు. సిరిసిల్ల ఆసామీ అడిగేదే అడగాలి: ప్రతి దెబ్బా ఒక్క తీరుగా పడుతుందా?

బజారులో దొరికే ఎయిర్‌గన్లలో చాలావరకు గొట్టం మడిచి స్ప్రింగు బిగించే రకం. పిస్టను గాలిని నొక్కితే పెల్లెట్ బయటికి వస్తుంది. గాలిని ముందే సిలిండర్‌లో నింపి పెట్టుకునే రైఫిల్ కథ వేరు. అందులో ఒత్తిడి 200 బార్ల దాకా ఉంటుంది; కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు తోసిన ఒక ఉక్కు ముక్క ముందుకు జారి వాల్వు కాడ మీద కొడుతుంది. దాన్నే హామర్ అంటారు, మన మాటలో సుత్తె. వాల్వు రెప్పపాటులో పదో వంతు సేపు కూడా తెరుచుకొని ఉండదు, ఆ సందులోంచి దూకిన గాలే పెల్లెట్‌ను తోస్తుంది. ఇదేమీ కొత్త ఉపాయం కాదు. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరార్డోని గాలి తుపాకీ వాడింది. దాని మడమలోని గాలి తిత్తి నింపడానికి పంపును సుమారు 1,500 సార్లు కొట్టాల్సి వచ్చేదట. సైనికుడి భుజాలు ఏమై ఉంటాయో!

తికమక పెట్టే సంగతి ఒకటుంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు పెల్లెట్ అన్నిటికంటే వేగంగా పోవాలి కదా? పోదు. లోపలి గాలే వాల్వును గట్టిగా మూసి పట్టుకుంటుంది, సుత్తె దెబ్బకు అది కొంచెమే తెరుచుకుంటుంది. గాలి తగ్గేకొద్దీ వాల్వు తేలిగ్గా తెరుచుకొని వేగం పెరుగుతుంది, ఇంకా తగ్గాక పడిపోతుంది. గీత గీస్తే అది గుట్ట ఎక్కి దిగినట్టు ఉంటుంది. ట్యూనింగ్ అంటే స్ప్రింగు బిగువు, సుత్తె బరువు, అది జారే దూరం ఈ మూడింటినీ సరిచూసి, గుట్ట మీది చదును భాగంలోనే గుండ్లన్నీ పేలేలా చూసుకోవడం. వాల్వుకు అందే ఒత్తిడిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ ఉంటే పని సులువవుతుంది.

బలం కోసం స్ప్రింగు బిగిస్తూ పోతే? కొంతవరకు వేగం పెరుగుతుంది. ఆ తర్వాత పెల్లెట్ గొట్టం దాటినా వాల్వు తెరిచే ఉంటుంది, గాలి దాని వెనకే బుస్సుమంటూ పోతుంది. పెళ్లయిపోయాక మోగే మేళం అది. పైగా కొట్టిన సుత్తె వెనక్కి ఎగిరి మళ్లీ వాల్వును తడుతుంది, మళ్లీ కొంత గాలి దండగ. పెట్టెలో ఎగిరిన నాడె చేసేదీ ఇదే.

వేగంలో చిన్న తేడా ఏం చేస్తుందో చూడండి. హైదరాబాద్‌లో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. వెండి గెలిచిన ఇటలీ షూటర్ కాంప్రియానికి 701.5. తేడా 0.4. ఆ లక్ష్యం మీద నడిమి చుక్క అర మిల్లీమీటరే, పాయింటులో పదో వంతుకు దక్కే జాగా పావు మిల్లీమీటరు. కాబట్టి 0.4 అంటే ఒక్క మిల్లీమీటరు. సెకనుకు 170 మీటర్లతో పోవాల్సిన పెల్లెట్ 165తో పోతే పది మీటర్ల దూరంలో దాదాపు అంతే ఎక్కువ కిందకు పడుతుంది. నారంగ్ రైఫిల్‌లో లోపం ఉందని కాదు. ఆ ఆటలో సెకనుకు ఐదు మీటర్ల తేడా ఖరీదు ఎంతో చెప్పడానికే ఈ లెక్క. అర గ్రాముకు కాస్త మించిన పెల్లెట్ ఆ వేగంతో మోసే శక్తి ఎనిమిది జౌళ్ల లోపే. ఒలింపిక్ పతకానికి అది సరిపోతుంది.

చట్టమూ ఈ శక్తి లెక్కతోనే గీత గీసింది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. దాటితే కావాలి. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది కనుక గీత దాటడం అనుకున్నంత దూరం కాదు. 170తో పోయే పెల్లెట్ 275కు చేరితే చాలు. దుకాణంలో ఆటవస్తువుగా కొన్నది ఒక స్ప్రింగు మార్పుతో లైసెన్సు లేని ఆయుధమవుతుంది. ‘పవర్ పెంచి ఇస్తాం’ అనే మెకానిక్ ఈ సంగతి చెప్పడు. అంత చేసి కొట్టింది కోతికి తగిలినా అది పారిపోయి గాయంతో చెట్టు మీద చావొచ్చు, మంద మాత్రం మర్నాడు వస్తుంది. గీతకు లోపల ఉన్న తుపాకీ కూడా కన్ను పోగొట్టగలదు. పిల్లల చేతిలో ఎయిర్‌గన్ పేలి ప్రాణాలు పోయిన ఘటనలు తెలంగాణలోనూ ఉన్నాయి.

కోతుల బెడదకు పట్టి తరలించడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అడవిలో పండ్ల చెట్లు వంటి దారులు వెతకాల్సింది ప్రభుత్వమే. రైతు చేతికి తుపాకీ వదిలేసి చేతులు దులుపుకోవడం పరిష్కారమనిపించుకోదు.

ఆ తుపాకీకి తగిన చోటు వేరే ఉంది. 10 మీటర్ల రేంజ్‌కు స్టేడియం అక్కర్లేదు. పొడవాటి గది, గుండును ఆపే గట్టి గోడ, మంచి వెలుతురు, పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి, రక్షణ కళ్లద్దాలు, కళ్లు తిప్పని కోచ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఆర్డర్లు లేక సాంచెలు ఆగిన షెడ్లు సిరిసిల్లలో కనిపిస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని క్రీడా శాఖ అద్దెకు తీసుకొని, జగిత్యాల, కోరుట్ల బడి పిల్లలకూ తెరిస్తే బాగుంటుంది. రైఫిళ్ల మరమ్మతుకు హైదరాబాద్ దాకా పరుగెత్తే ముందు ఆ గల్లీలోని పాత జాబర్ ఎవరినైనా పిలిచి వాల్వునూ సుత్తెనూ చూపించొచ్చు. స్ప్రింగు ఎంత బిగించాలని అతను అడగడు. క్రోనోగ్రాఫ్‌లో వరుసగా పది అంకెలు చూపించమంటాడు.