పశుక్షేత్రమున చూడదగినది



పాత నాగళ్లను, బండిచక్రములను ఒక గదిలో చేర్చి తాళము వేసినంత మాత్రమున అది రైతునకు ఉపకరించు ప్రదర్శనశాల కాజాలదు. అచ్చట పని కనబడవలెను. ఆ పనిని నేర్పిన కష్టమును కనబడవలెను. అట్టి స్థలమొకటి అమెరికాదేశమున మోంటానా రాష్ట్రములో, డీర్‌లాడ్జ్ పట్టణము చెంత గలదు. అది గ్రాంట్-కోర్స్ పశుక్షేత్రము. 1972లో దానిని జాతీయ చారిత్రక స్థలముగా ఏర్పరచిరి. సుమారు 1,600 ఎకరముల ఆ నేలలో నేటికిని పశువులు మేయుచున్నవి. చూపరుల యెదుట పూర్వపు పనులు జరుగుచున్నవి.

అచ్చటి పెద్ద యింటిని జాన్ గ్రాంట్ 1862లో కట్టెను. బంగారు గనుల కూలీలకు మాంసమమ్మి బ్రదికిన కాన్రాడ్ కోర్స్ 1866లో ఆ క్షేత్రమును కొనెను. కాలక్రమమున అతని మందలు కోటి ఎకరముల బయలుపై మేసినవి. ఆ బయలు అతని సొత్తు కాదు; అంతకుముందు ఆదిమజాతులవారు అడవిదున్నలను వేటాడి జీవించిన నేల. మేత ఊరకే దొరకుచుండగా గడ్డి కోసి దాచుట యెందుకని నాటి పశుస్వాములలో అనేకులు తలచిరి.

1886 వేసవిలో వానలు లేక బీళ్లెండెను. అయినను మితిమీరి పశువులను వదలిరి. 1887 జనవరిలో మంచు కొంత కరగి, మరల గడ్డకట్టి, పచ్చికపై పలకవలె పరచుకొనెను. క్రింద మేత యున్నను పశువు నోటికి అందలేదు. వసంతము వచ్చుసరికి మోంటానా పశువులలో సగమునకు పైగా చచ్చినవని అంచనా. ఒక యజమాని తన మంద క్షేమమడుగగా, చార్లెస్ రస్సెల్ అను యువకుడు జాబునకు మారుగా చిన్న అట్టముక్కపై బొమ్మ వ్రాసి పంపెను. మంచులో ఎముకలు తేలిన ఒంటి పశువు, చుట్టును కాచుకొనియున్న తోడేళ్లు. ఇంతకన్న వేరు లెక్క అక్కరలేకపోయెను.

కోర్స్ సహితము విశేషముగా నష్టపోయెను. బ్యూట్ పట్టణపు ధనికుడు ఎ. జె. డేవిస్ నమ్మి లక్ష డాలర్లు అప్పిచ్చుటచే నిలద్రొక్కుకొనెను. అట్టి దాత లేని వారనేకులు ఆ వృత్తినే మానిరి. మిగిలినవారు కంచెలు వేసి, గడ్డిమళ్లు పెంచి, శీతకాలమునకు వాములు వేయ నేర్చిరి.

కావున ఆ క్షేత్రమునకు పోవువారు గుఱ్ఱపుజీనులను, ఇరువదిమూడు గదుల ఇంటిని చూచి మురిసి మరలిన, చూడవలసినది చూడనట్లే యని నా యభిప్రాయము. చూడదగినది ఎండుగడ్డి. గతించిన పద్ధతులకు ప్రభుత్వధనము దండుగ యని కొందరందురు. ఒక ప్రాంతమంతయు సగము మందను బలియిచ్చి నేర్చిన పాఠమును మరువనీయకుండుట దండుగ కాదు. వైభవమును మాత్రమే చూపి నష్టమును దాచు ప్రదర్శనశాలయే దండుగ.

మన యూళ్లలో మంచు కురియదు గాని మేత కరవు వచ్చుచునే యున్నది. నేడు కోతయంత్రము వదలిన వరిగడ్డిని అనేకులు మడిలోనే తగులబెట్టుచున్నారు. మార్గశిరమున నిప్పు పెట్టిన చేతులే వైశాఖమున మోపు గడ్డికై బేరమాడుచున్నవి. తుదకు పాడిపశువు సంతకు పోవుచున్నది. గడ్డిని మోపులు కట్టు యంత్రము ఒక చిన్న రైతు కొనజాలడు. పదుగురు కూడిన సంఘము కొనవచ్చును, లేదా బాడుగకు తేవచ్చును. ఎత్తైన చోట కప్పు వేసిన గడ్డిసావడి కట్టి, ఎవరి మోపులెన్నియో పుస్తకమున వ్రాసికొనవచ్చును.

కోర్సునకు డేవిస్ దొరకెను. మనలో ప్రతివానికి అట్టి ధనికుడు దొరకడు. మనకు దిక్కు మన సంఘమే. రాబోవు మహాజనసభలో ఎరువుల లెక్క, అప్పుల లెక్క ముగిసిన పిదప, వేసవికి మన యూరిలో ఎన్ని పశువులకు ఎన్ని దినముల మేత గలదని ఒక సభ్యుడైనను లేచి యడుగవలెను.