కోట్ల సొత్తుకి ఘోషా!
కేమన్ దీవుల్లో అగ్లండ్ హౌస్ అని అయిదంతస్తుల మేడ ఒకటుంది. 2008లో అమెరికా ప్రభుత్వ తనిఖీవాళ్ళు లెక్క తీస్తే అందులో 18,857 సంస్థలు కాపురం ఉన్నాయిట! మనింటికి నలుగురు చుట్టాలొస్తేనే చాపలు చాలవు కదా! కిటుకేమిటంటే, అక్కడుండేవి మనుషులు కాదు, పేర్లు. ఒక కంపెనీకి యజమాని మరో కంపెనీ, దానికి ఇంకొకటి. అసలు ఆసామీ కనబడడు. "వ్యాపార రహస్యం" అంటారు పెద్దమనుషులు. పాస్‌బుక్కు కోసం మనల్ని ఫోటో, చిరునామా అడుగుతారే, కోట్లకి మాత్రం ఘోషా ఎందుకు?

తన ఏలుబడిలోని దీవులు యజమానుల పేర్లు బయటపెట్టాలని 2018లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది. 2023 అన్న గడువు దాటినా వర్జిన్ దీవులవారు రిజిస్టరు అందరికీ తెరవలేదు. తగిన కారణం చూపినవాళ్ళకేనట! ఏది తగిన కారణమో తేల్చేది మాత్రం, ఆ కంపెనీల రుసుములు పుచ్చుకునే వాళ్ళే!