నగరపు పార్సెలు, ఇల్లందు బొగ్గు

పార్సెలును గిడ్డంగినుండి ఇంటి గుమ్మమునకు చేర్చుట నేడొక శాస్త్రమైనది. మన యింజనీరింగు, వాణిజ్య కళాశాలల విద్యార్థులు దీనిని పరిశోధనకు గైకొనుచున్నారు. లాస్ట్‌మైల్ అని వారు పిలుచుదానిని మనము కడపటి మజిలీ యందము. ఖర్చును, పొగయు, కాలహరణమును ఇచ్చటనే హెచ్చు. వేయి మూటలు రైలులో ఒక్క ప్రయాణమున వచ్చును. గడపకడ మాత్రము మూటకొక ప్రయాణము. ఇంటివారు లేకున్న రెండు. ఈ చిక్కును విప్పబూనిన యువకులను అభినందించుచున్నాము. అయితే వారి లెక్కలలో ఇల్లందు ఎచ్చట నున్నదని అడుగుటకు మనకు హక్కు కలదు.

ఈ ప్రాంతమున బొగ్గుండుటను విలియం కింగు 1871లో కనుగొనెను. 1889లో ఇల్లందున గనిపని ఆరంభమయ్యెను. దీనిని బొగ్గుట్ట యని పిలుచువారు నేటికిని కలరు. హైదరాబాదు వీధిలో పెట్రోలు బండికి మారుగా విద్యుత్తు బండి తిరిగినచో ఆ వీధిలో పొగ యుండదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుద్వాహనములకు రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుట మంచిపనియే. కాని ఆ బండికి చాలు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండియే పుట్టుచున్నది. మణుగూరు చెంత 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రమును, పాల్వంచలో కొత్తగూడెము కేంద్రమును మన జిల్లాలోనే యున్నవి. పెట్రోలుకంటె విద్యుత్తు మేలని మేమును ఒప్పుకొందుము. అయినను పొగ తగ్గుట వేరు, తరలుట వేరు. నగరపు పొలిమేరకడ లెక్క ముగించిన పరిశోధకుడు తరలినదానినిగూడ తగ్గినదానిలోనే జమకట్టుచున్నాడు. గని త్రవ్విన యూరు, బూడిద మోయు నేల ఆ పుటలలో కనబడవలదా?

ఇక బండి నడుపువాని మాట. 2021లో అమెజాను కంపెనీయు, అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయు కలిసి ఒక పోటీ నడపినవి. అయిదు నగరములలో బండ్లు నిజముగా తిరిగిన వేలకొలది దారులను పరిశోధకుల కిచ్చిరి. గణితము చూపు అతిచిన్న దారిని అనుభవజ్ఞుడు తరచు విడిచి, తన యెరుకనుబట్టి వేరొక క్రమమున పోవును. ఆ క్రమమును యంత్రమునకు నేర్పుటయే పందెము. బడి మెట్లెక్కని వానియొద్ద గణితవేత్తలు శిష్యరికము చేసిరన్నమాట! మరి గురుదక్షిణ యేది? 2020–21లో యాప్‌లనాశ్రయించియు, విడిపనులపైనను బ్రతుకువారు దేశమున 77 లక్షలని నీతి ఆయోగ్ 1922 నాటి మాటగాదు, 2022లోనే లెక్కకట్టినది. వీరిలో పెక్కురు తమ పెట్రోలు తామే కొనుకొందురు. దారి కుదించినచో పెట్రోలు మిగులును, నిజమే. కూలి దూరమునుబట్టి యిచ్చుచోట దారితోపాటు కూలియు కుదించుకొనిపోవును. ఈ రెండవ కొలతను మనవారు తీయవలెను.

మన యూళ్లకు తగిన మార్గము వెదకుటకు హాంబర్గు పోనక్కరలేదు. ఆర్.టి.సి. 2020 జూనులో పార్సెళ్ల సేవ మొదలిడినది. బస్సు ఎటులైనను వచ్చుచున్నది. దాని కడుపులో మూట వచ్చుటకు వేరొక బండి కావలదు. బస్టాండునుండి తండాకు, గూడెమునకు దానిని చేర్చుటయే మిగిలిన పని.

కొత్తగూడెమునందలి గనుల కళాశాల 2025లో డాక్టరు మన్మోహన్ సింగ్ భూవిజ్ఞానశాస్త్ర విశ్వవిద్యాలయమైనది. అచ్చటి విద్యార్థులు ఇల్లందు బస్టాండున నిలిచి, ఒక్కొక్క మూట ఎవరి చేత, ఎంత చమురుతో, ఎంత కూలికి గడప చేరుచున్నదో వ్రాసికొందురు గాక. ఆ లెక్క వేసవిలో నొకమారు తీసి ఊరకుండరాదు. గుండాల దిక్కున వాగులు పొంగిన వానకాలమునందును తీయవలెను.