ఖాతా పుస్తకమునకు మ్యూజియములో చోటు లేదా?

మ్యూజియమనగానే మన పెద్దలు తామ్రశాసనములను, భగ్నవిగ్రహములను, రాజుల ఖడ్గములను తలచుకొందురు. అందొక కిరాణా కొట్టు ఖాతాను ఉంచవలెనన్నచో నవ్వుదురు. ఆ నవ్వును మేము అంగీకరింపజాలము.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను. వారము ముందే పురావస్తుశాఖ మ్యూజియములు మూతపడినవి. ఆహారపదార్థముల అంగళ్లకు మినహాయింపు ఉండెను. కాగితముపై మినహాయింపు వేరు, డబ్బాలో కందిపప్పు వేరు. లారీ ఉన్నచోట డ్రైవరు లేడు. డ్రైవరున్నచోట హమాలీ లేడు. మే నెలలో సూరత్ నుండి మన గంజాం కార్మికులు వేలకొలదిగా తిరిగివచ్చిరి. జూలై 17 నుండి 31 వరకు మన జిల్లాకు మరల లాక్‌డౌన్ వచ్చెను.

రేషను కార్డు గలవారికి కేంద్రము నెలకు మనిషికి 5 కిలోల ధాన్యము ఉచితముగా ఇచ్చినది. అది గొప్ప మేలే. కాని ధాన్యముతోనే వంట కాదు గదా! నూనె, చింతపండు, మిరపకాయలు, పసిపిల్లల పాలపొడి అరువిచ్చి ఎన్నో ఇండ్లను నిలిపినవాడు సందు మొగనున్న కొట్టువాడు. బియ్యము ‘లేవు’ అనరాదు, ‘నిండుకొన్నవి’ అనవలెనని మన ముత్తవలు నేర్పిరి. ఏ సరకు ఏనాడు నిండుకొన్నదో, ఎవరికి సగమిచ్చి సరిపుచ్చిరో తెలుపునది ఆ ఖాతాయే. ప్రభుత్వ లెక్కలలో కోటా వచ్చిన తేదీ ఉండును. కొనవచ్చినవారు వట్టి సంచితో మరలిన తేదీ ఉండదు.

గంజాం పట్టణము 1815 ప్రాంతమున విషజ్వరముచే పాడుపడి జిల్లా కేంద్రమను హోదాను పోగొట్టుకొన్నది. గెజెటీరులో అది కొన్ని పంక్తులు. 1866 నాటి నఅంక కరవున ఒడిషాలో పదిలక్షలమంది మరణించిరని అంచనా. దానిపై కమిషను నివేదిక ఉన్నది. అప్పిచ్చిన షావుకారు పద్దు ఎవరు దాచిరి?

పురాతనము కాదందురా? పురుషోత్తమపూర్ సమీపమున జౌగడలో అశోకుని శాసనములను చూడుడు. మనుష్యులకును పశువులకును వైద్యము, మందుమొక్కల పెంపకము, బాటల వెంట బావులు: అది ఆనాటి ఆఫీసు ఉత్తరువే! సమాపా నగరపు మహామాత్రులను అసూయ, కోపము, తొందర, సోమరితనము విడువుడని ఆ రాతిమీదనే హెచ్చరించెను. (ఆ పంక్తుల నకలు మ్యూజియము అధ్యక్షుల గదులలో వ్రేలాడదీసినను మేలే.)

ఆ ఏడు ప్రపంచమున దాదాపు 85,000 మ్యూజియములు మూతపడెనని యునెస్కో తెలిపినది. తలుపులు మూసికొని కూడ లండన్ నగర మ్యూజియము 2020 ఏప్రిల్‌లోనే ఆ దినముల వస్తువులను ప్రజలనుండి సేకరింప పూనుకొన్నది. అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియము 2021 మార్చిలో తమ దేశపు మొదటి టీకా పోసిన ఖాళీ సీసాను స్వీకరించినది. ఖాళీ సీసా చరిత్ర అగునప్పుడు ఖాళీ నూనెడబ్బా ఏల కాదు?

మ్యూజియము నాయకత్వమనగా గాజుబీరువాల తాళపుచెవులు కాచుట కాదు. భువనేశ్వర్ రాష్ట్ర మ్యూజియములోని వేలకొలది తాళపత్రములు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఎవరో ఊరూర తిరిగి అడిగి తెచ్చిరి. నేటి అధ్యక్షులు ఛత్రపూర్, బరంపురం అంగళ్లకు అట్లే రావలెను. మన పాత కొట్లలో కొన్ని ఖాతాలు తెలుగు లిపిలో ఉన్నవి. ఒడియా, ఇంగ్లీషు బడులలో చదివిన మనుమలకు తాతగారి చేవ్రాత కొరుకుడుపడదు. బాకీ తీరిన పుస్తకము తూకమునకు అమ్ముడుపోవును.

అరువు తెచ్చుకొన్నవారి పేర్లు బయటపడునన్న సంకోచము న్యాయమైనదే. పేర్లు కప్పి నకలు చూపవచ్చును. అసలు ప్రతిని ఒక తరము గడచువరకు మూసి ఉంచవచ్చును. ఆ కట్టడి వ్రాతపూర్వకముగా ఈయనిదే ఏ షావుకారును పుస్తకము ఇవ్వనక్కరలేదు. ఇచ్చిన పుస్తకమును పట్టికకెక్కించుటకు తెలుగును ఒడియాను చదువగలవాడొకడు ఉండవలెను. వానికి జీతము మ్యూజియమే ఈయవలెను.