నాచుకు మందు వద్దు

వేసవిలో మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల చెరువులు పచ్చబడటం మీరు చూసే ఉంటారు. పగడపు జీవులను పెంచే ఉప్పునీటి గాజుతొట్టిలోనూ ఇదే నాచు బెడద. వెంటనే మైలుతుత్తం కలపమంటారు కొందరు. అది పొరపాటని నా అభిప్రాయం.

మైలుతుత్తంలోని రాగి నాచుతోబాటు నత్తలను, రొయ్యలను, పగడపు జీవులను కూడా చంపుతుంది. చచ్చిన నాచు కుళ్ళితే నీటిలోని ఆక్సిజన్ తగ్గి చేపలకు ఊపిరాడదు. కుళ్ళిన నాచులోని భాస్వరం, నత్రజని మళ్ళీ నీటిలోకే చేరతాయి. వాటితో కొత్త నాచు పెరుగుతుంది!

1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక సరస్సును తెరతో రెండు భాగాలు చేశారు. రెండింటిలోనూ కర్బనం, నత్రజని కలిపారు. ఒకదానిలో మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ భాగమే పచ్చబడింది. అంటే నాచుకు బలం దానికి అందే ఆహారమే అన్నమాట.

కాబట్టి ఆ ఆహారాన్నే తగ్గించాలి. తొట్టిలో చేపలు తినగలిగినంతే మేత వేయండి, మిగిలింది తీసేయండి. కొంత నీటిని తరచు మార్చండి. దీపం ఎక్కువసేపు వెలిగించకండి. నాచు తినే నత్తలను పెంచండి. చెరువులోకైతే మురుగునీరు, పొలాల ఎరువు చేరకుండా చూడాలి.

దీనికి ఓపిక కావాలి, నిజమే. కాని చేపలు బతుకుతాయి గదా! మీ బడిలో తొట్టి ఉంటే ఇలా చేసి, వారం వారం వచ్చే మార్పును రాసి పెట్టుకోండి.